రోడ్డు ప్రమాదంలో పెద్ద దెబ్బ తగిలితే: క్యాజువాలిటీ నుంచి ట్రిబ్యునల్ దాకా ఏం చేయాలి

మా బావను ఆస్పత్రికి తీసుకొచ్చిన కుర్రాడెవరో క్యాజువాలిటీలో "బండి మీంచి పడ్డాడండీ" అన్నాడు. డ్యూటీ డాక్టరు అదే రాసుకున్నాడు. వెనక నుంచి లారీ గుద్దిందన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. కాలు మూడు చోట్ల విరిగి మనిషి అరుస్తుంటే కేస్ షీట్‌లో ఏం రాశారో చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు. తర్వాత రెండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకునే వాదించాడు: లారీ లేదు గీరీ లేదు, తనే జారిపడ్డాడు, మా కంపెనీకి సంబంధం లేదు.

ఇది ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న వాళ్ల కోసం రాస్తున్నా. మన దేశంలో మోటారు వాహన ప్రమాదాలకు వర్తించే పద్ధతి ఇది. లిఫ్టు తెగి పడినా, మూత లేని మ్యాన్‌హోల్‌లో పడినా దారి వేరు, వాటికి మామూలు సివిల్ కోర్టుకో మరో చోటికో వెళ్లాలి. కానీ కాగితాలు ఎలా కూడబెట్టాలన్నది మాత్రం వాటికీ ఇంచుమించు ఇంతే.

1. ముందు ప్రాణం, ఆ వెంటనే కేస్ షీట్‌లో మొదటి వాక్యం

108కి ఫోన్ చేయడం అందరికీ తెలుసు. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ముట్టుకుంటే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం మాత్రం ఇంకా పోలేదు. మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చారు, మంచి మనసుతో సాయం చేసిన వాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి లేదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. చెబితే మాత్రం బాధితుడికి ఎంతో మేలు, ఎందుకంటే అతనే రేపు సాక్షి.

డబ్బు గురించి: 2025 మే నుంచి కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా. ఆస్పత్రి ఈ పథకంలో ఉండాలి, ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర అడగండి, వాళ్లంతట వాళ్లు చెబుతారని కూర్చోవద్దు.

ఇక అసలు విషయం. ప్రమాదం కేసు కాబట్టి ఆస్పత్రి వాళ్లు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు. అందులో దెబ్బ ఎలా తగిలిందో ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. "ఫలానా చోట, ఫలానా టైముకి, ఫలానా వాహనం గుద్దింది" అని అక్కడ ఉండాలి. నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే "గుర్తు తెలియని లారీ" అనైనా సరే. ఇంట్లో వాళ్లలో కాస్త నిబ్బరంగా ఉన్నవాళ్లు ఒకరు ఈ పని మీదే ఉండండి. తప్పు రాసి ఉంటే ఆ రోజే మర్యాదగా చెప్పి సరిచేయమనండి. నెల తర్వాత దిద్దిస్తే అది కావాలని దిద్దించినట్టే కనపడుతుంది.

2. పోలీస్ స్టేషన్‌లో

ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు, గాయపడిన మనిషే రావాలని లేదు. ప్రమాదం జరిగిన చోటు మా పరిధి కాదని స్టేషన్లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పని లేకుండా తీసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆస్పత్రి హడావుడిలో నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు. మనవాళ్లు ముందు ప్రాణం చూసుకుంటారు, ఆలస్యం ఒక్కటే కారణంగా కేసును అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులో ఒక వాక్యం రాస్తే చాలు.

సెక్షన్లు కూడా చూసుకోండి. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత. నిర్లక్ష్యంగా బండి నడిపితే 281, దాంతో తీవ్ర గాయమైతే 125(బి), దీనికి మూడేళ్ల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే. 15 రోజులు మంచం మీద విలవిల్లాడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అంతే (పాత ఐపీసీలో ఇది 20 రోజులు).

ఇక్కడ చాలామంది రెండు కేసులను కలిపేసుకుంటారు. డ్రైవరు మీద పోలీసులు పెట్టేది క్రిమినల్ కేసు, శిక్ష కోసం. మీరు పరిహారం కోసం వేసేది వేరే కేసు, దాన్ని వినేది ట్రిబ్యునల్ అనే ప్రత్యేక కోర్టు. క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. పరిహారం కేసులో మీ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువుందని తేలితే చాలు. కాబట్టి డ్రైవరు మీద కేసు కొట్టేశారని తెలిసి ఇంట్లో కూలబడిపోకండి.

3. నంబరు, ఫోటోలు, సీసీటీవీ

బండి నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటి వరకు ఉందన్నది తెలుస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బండ్లను పక్కకు జరపకముందు తీసిన ఫోటో ఒక్కటి దొరికినా అదృష్టమే. బ్రేకు గీతలు, పగిలిన అద్దం ముక్కలు ఎక్కడ పడ్డాయి, రోడ్డు మలుపు, వెలుతురు, ఇవన్నీ తర్వాత నోటితో చెప్పి నమ్మించలేనివి.

సీసీటీవీకి మాత్రం పరుగెత్తాలి. షాపుల్లో కెమెరాల రికార్డింగ్ కొద్ది రోజులకే చెరిగిపోతుంది, పాత దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. షాపు ఆయన్ని బతిమాలి కాపీ తీసుకోండి, దాంతోపాటు ఆ ఫుటేజీ సేకరించమని పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ కూడా పెట్టాలి, ఎవరి కెమెరా, ఎలా కాపీ తీశారు అన్నది. అది లాయరు చూసుకుంటాడు, మీరు కాపీ పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

4. ఒక సంచి పెట్టండి

నిజంగానే ఒక సంచి. మందుల చీటీ దగ్గర్నుంచి అన్నీ అందులో వేయండి. ఒరిజినల్ బిల్లులు, స్కాన్‌లు, ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు, అంబులెన్స్‌కో ఆటోకో ఇచ్చిన డబ్బుల లెక్క. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద ఆపరేషన్ అయితే చేతికి బిల్లు రాకపోవచ్చు, డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం తప్పకుండా తీసుకోండి. మందుల షాపు బిల్లు సిరా నెలల్లో పాలిపోతుంది, వచ్చిన రోజే ఫోన్లో ఫోటో తీసుకోండి (మా సంచిలో సగం బిల్లులు తెల్ల కాగితాలైపోయాక తెలిసిన సంగతి ఇది).

పోలీసుల నుంచి రావాల్సినవి: ఎఫ్ఐఆర్, పంచనామా, ప్రమాద స్థలం స్కెచ్, ఎంవీఐ రిపోర్టు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని చూసి ఇచ్చేది), వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు రాసిచ్చేది), చార్జిషీట్. 2022లో వచ్చిన రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివర నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ నివేదికనే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే వీలూ చట్టంలో ఉంది. అయినా అది జరుగుతుందని చేతులు కట్టుకోవద్దు, మన పిటిషన్ మనం సిద్ధం చేసుకోవడమే మంచిది.

ఆదాయం కాగితాలు కూడా ఈ సంచిలోకే. జీతం ఉన్నవాళ్లకు చిక్కు లేదు, శాలరీ స్లిప్పులు, సెలవు లెక్క చాలు. సొంత పని చేసుకునే వాళ్లకే తలనొప్పి. ఐటీ రిటర్న్ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే లావాదేవీలు, పని ఇచ్చేవాళ్ల ఉత్తరం, లైసెన్సు, సంఘం కార్డు, ఏదో ఒకటి. ఏమీ లేకపోయినా కేసు పోదు, ట్రిబ్యునల్ ఒక ఆదాయం అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా మాత్రం తక్కువగానే ఉంటుంది. ఇంటి పని చేసే ఆడవాళ్లకు ఆదాయం ఏముందని ఎవరైనా అంటే, 2021లో సుప్రీంకోర్టు ఆ పనికీ విలువ కట్టి తీరాలని చెప్పిందని గుర్తు చేయండి.

5. ఏ దారిలో వెళ్లాలి

గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే: 2022 ఏప్రిల్ 1 నుంచి హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, చనిపోతే 2 లక్షలు. పెద్ద మొత్తం కాదు, కానీ దీనికి కోర్టు అక్కర్లేదు, రెవెన్యూ అధికారి విచారణతో వస్తుంది. తర్వాత బండి దొరికి పరిహారం వస్తే ఈ డబ్బు తిరిగి కట్టాలి.

తప్పెవరిదో తేల్చకుండా ఇచ్చేది మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్. తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు. త్వరగా తేలేది ఇదే. ఇక్కడే జాగ్రత్త: దీని కింద ఇన్సూరెన్స్ వాళ్లతో సెటిల్ చేసుకుని డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్‌లో మీరు వేసిన పెద్ద క్లెయిమ్ అక్కడితో రద్దయిపోతుంది. చేయి చచ్చుబడిన మనిషి 2.5 లక్షలకు సంతకం పెట్టడమంటే ఏమిటో కింద లెక్క చూస్తే అర్థమవుతుంది.

అవతలి డ్రైవరు నిర్లక్ష్యం చూపించి పూర్తి పరిహారం అడిగేది అదే చట్టంలోని 166వ సెక్షన్. పెద్ద గాయాలకు సాధారణంగా ఇదే దారి. మన దగ్గర లాయర్లు ఈ కేసును ఎంవీఓపీ, అంటే మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్ అంటారు.

ఎవరూ గుద్దలేదు, మీ బండి మీరే నడుపుతూ పడ్డారా? అప్పుడు 166 పనికిరాదు. మీ పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూడండి, 15 లక్షలది. అయితే అది మరణానికి, చేయో కాలో కన్నో పోవడం లాంటి శాశ్వత నష్టానికే, మామూలు ఫ్రాక్చర్‌కు రాదు. బతికుండగా ఆ పాలసీ కాగితం తిప్పి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో!

6. ఆరు నెలల లోపు, మీకు దగ్గర్లోని కోర్టులో

ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లో పిటిషన్ వేయాలని 166(3) చెబుతోంది. ఈ గడువు మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి, అవన్నీ గడువు దాటినవాళ్ల గోల. మీరు దాటకండి. చికిత్స ఇంకా నడుస్తున్నా వేసేయండి, వైకల్యం సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. ప్రమాదం ఎక్కడో హైవే మీద జరిగితే అక్కడికే తిరగాలన్న రూలు లేదు, మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. డ్రైవరు, బండి ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా పెడతారు.

లాయరు గురించి ఒక మాట. పెద్ద ఆస్పత్రుల దగ్గర "మొత్తం మేమే చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం" అనే మధ్యవర్తులు తిరుగుతుంటారు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయర్లకు నిషేధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగితే లేచి వచ్చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

7. ఎంత అడగాలి

కొంచెం ఓపికగా చదవండి, డబ్బంతా ఇక్కడే తేలుతుంది.

ఖర్చైన డబ్బు, మంచం మీదున్న నెలల జీతం, మళ్లీ చేయాల్సిన ఆపరేషన్ల ఖర్చు, నొప్పి, పోయిన సుఖసంతోషాలు, పెళ్లి కాని వాళ్లకు పెళ్లి అవకాశాలు, ఇలా శీర్షికలు ఉంటాయి. అన్నిటికంటే పెద్దది, ముందు ముందు పోయే సంపాదన. దాన్ని లెక్కించే పద్ధతిని సుప్రీంకోర్టు 2010 చివర్లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో విడమరిచి చెప్పింది. డాక్టరు ఇచ్చే వైకల్యం శాతం శరీరానిది. ట్రిబ్యునల్ తేల్చాల్సింది ఆ శరీరంతో ఆ మనిషి తన పని ఎంత చేయలేకపోతున్నాడన్నది. ఎడమ చేయి పోయిన డ్రైవరు, వడ్రంగి ఇద్దరూ పని మొత్తం పోగొట్టుకున్నట్టే, అదే చేయి పోయిన ఆఫీసు గుమాస్తా ఉద్యోగంలో కొనసాగొచ్చు.

ఊరికే ఒక లెక్క వేద్దాం. 34 ఏళ్ల ఎలక్ట్రీషియన్, సొంత పని, నెలకు 18,000. సంవత్సరానికి 2,16,000. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది (40 నుంచి 50 మధ్య 25, తర్వాత 60 దాకా 10). కలిపితే 3,02,400. ఈ ఏడాది సంపాదనను ఎంతతో గుణించాలో చెప్పే గుణకం వయసును బట్టి ఉంటుంది, ఇది 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక: 25 దాకా 18, 26 నుంచి 30కి 17, 31 నుంచి 35కి 16, 36 నుంచి 40కి 15, అలా తగ్గుతూ 56 నుంచి 60కి 9. మనవాడికి 16, అంటే 48,38,400. మోకాలు వంగదు, డాక్టరు 40 శాతం అన్నాడు. ఆ 40నే వేస్తే 19,35,360. కానీ నిచ్చెన ఎక్కలేని ఎలక్ట్రీషియన్ సగానికి పైగా పని పోగొట్టుకున్నాడని చూపించి ట్రిబ్యునల్ 60 శాతం ఒప్పుకుంటే 29,03,040. తేడా 9,67,680. నిచ్చెన గురించి సాక్ష్యంలో ఒక్క ముక్క చెప్పించనందుకు పోయేది అంత!

కాబట్టి పిటిషన్‌లో "నా క్లయింటు సంపాదన కోల్పోయాడు" అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. ఆ పనిలో రోజూ ఏమేం చేయాలి, ఎన్ని మెట్లు, ఎంత బరువు, ఎన్ని గంటలు నిలబడాలి, ఇప్పుడు ఏది కుదరట్లేదు, మీరే ఒక పేజీ రాసి లాయరుకివ్వండి. ఆయనకు ఎలక్ట్రీషియన్ పని తెలియదు కదా. తోటి పనివాడినో మేస్త్రీనో సాక్షిగా పిలిపించండి. మంచానికే పరిమితమైన కేసుల్లో చూసుకునే మనిషి ఖర్చు కూడా ఇదే గుణకం పద్ధతిలో ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు ఒక చిన్నపిల్ల కేసులో చెప్పింది. ఇంట్లో అమ్మే చూసుకుంటోంది కదా అని అది అడగడం మానేయొద్దు.

8. డాక్టరును కోర్టుకు తేవడం

వైకల్యం సర్టిఫికెట్ చికిత్స ముగిసి పరిస్థితి కుదుటపడ్డాక తీసుకోవాలి. ప్రభుత్వ మెడికల్ బోర్డుది, లేదా చికిత్స చేసిన డాక్టరుది అయితే బరువు ఎక్కువ. ఎవరో ఒకరు అచ్చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్లను ట్రిబ్యునళ్లు నమ్మవు. ఆ శాతం కాలికా, మొత్తం శరీరానికా అన్నది స్పష్టంగా రాయించండి, లేకపోతే అవతలి లాయరు ముందు దాన్నే పట్టుకుంటాడు. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు సాక్ష్యం చెబితేనే దానికి విలువ. ఆపరేషన్లు వదిలి ఆయన రాలేనంటే, కమిషన్ వేసి, అంటే కోర్టు తరఫున ఒకరిని పంపి, ఆస్పత్రిలోనే సాక్ష్యం తీసుకునే వీలుంది. ఇది అడగని లాయర్లు చాలామందే ఉన్నారు.

9. "తప్పు మీదే" అన్నప్పుడు

తప్ప తాగాడు, హెల్మెట్ లేదు, లైసెన్స్ లేదు, బండి మీద ముగ్గురున్నారు. అవతలి వాళ్లు కోర్టులో వేసే కౌంటర్లు, అంటే జవాబు కాగితాలు, అన్నిటిలోనూ ఇవే వాక్యాలు. మీ తప్పు కూడా ఉంటే ఆ శాతం మేరకు పరిహారం తగ్గిస్తారు, అది న్యాయమే. కానీ రూలు తప్పడం వేరు, ఆ తప్పు వల్ల ప్రమాదం జరగడం లేదా గాయం పెరగడం వేరు. ఒకే బండి మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దిన కేసులో, ముగ్గురుండటం ప్రమాదానికి కారణమని చూపించకపోతే పరిహారం కోయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. లైసెన్స్ లేకపోవడం సంగతీ అంతే. హెల్మెట్ లేకపోవడం కాలు విరగడానికి కారణమెలా అవుతుందో అడగండి. తలకు దెబ్బ అయితే మాత్రం వాళ్ల వాదనకు బలం ఉంటుంది, దాన్ని ఒప్పుకుని మిగతావి కాపాడుకోవాలి.

అవతలి డ్రైవరుకు సరైన లైసెన్స్ లేకపోతే ఇన్సూరెన్స్ రాదేమోనని కూడా భయపెడతారు. చాలా కేసుల్లో కంపెనీని ముందు మీకు కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ఆదేశిస్తారు.

10. రాజీ, అవార్డు, ఆ తర్వాత

లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా వస్తుంది, కానీ దాని మీద మళ్లీ అప్పీల్ ఉండదు. ఏడో అంకెలోని లెక్క కాగితం మీద వేసుకుని, వడ్డీ కలుపుకుని, ఇంకెన్నేళ్లు ఆగగలరో ఇంట్లో మాట్లాడుకుని అప్పుడు వెళ్లండి. కాస్త తగ్గించుకోవడం తప్పు కాదు, అప్పులు పీకల మీద ఉన్నప్పుడు ముఖ్యంగా. లెక్క తెలియకుండా తగ్గించుకోవడమే తప్పు. గుద్దిన వాళ్లు ఆస్పత్రి దగ్గరే పాతిక వేలు ఇచ్చి "కేసు లేదు" అని రాయించుకునే కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం వద్దు.

అవార్డు, అంటే ట్రిబ్యునల్ తేల్చిన పరిహారం, తక్కువైందనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీల్, వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపైతే కుదరదు. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ అడగొచ్చు. డబ్బు పడటానికి మీ పేరు మీదున్న ఖాతా పాస్‌బుక్, పాన్ కార్డు సిద్ధంగా ఉంచండి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. మా బావ డబ్బు ట్రిబ్యునల్‌లో తేలాక కూడా రెండు నెలలు ఆగింది, ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉన్నందుకు.

లారీ సంగతి ఎలా తేలిందంటారా, ఆయన్ని ఆస్పత్రికి తెచ్చిన ఆ కుర్రాడిని వెతికి పట్టుకున్నాం. "పడ్డాడని అన్నాను గానీ, లారీ తగిలాకే కదండీ పడింది, ఎవరూ అడగలేదు మరి" అన్నాడు బోనులో.